ఆ శనివారం రాత్రి మా ఇంట్లో యూదా పాడాడు

నా చిన్నప్పుడు గుంటూరులో మాకు ఈస్టర్ అంటే నాటకం. శ్రమల దినాలు మొదలవగానే సండే స్కూల్ టీచర్ గారు పిల్లలందర్నీ చర్చి అరుగు మీద వరసగా నిలబెట్టి వేషాలు పంచేవారు, ఆ పంపకానికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు ఎందుకంటే ఎవరికేం వస్తుందో అందరికీ ముందే తెలుసు. డాక్టర్ గారబ్బాయి తెల్లగా బొద్దుగా ఉంటాడు కాబట్టి వాడు యేసు ప్రభువు. గొంతు పెద్దది కాబట్టి ఇంకొకడు పేతురు. నేనేమో నల్లగా, పుల్లలాగా, కళ్ళు లోపలికి పోయి ఉండేవాడిని, కాబట్టి ప్రభువుని ముప్పై వెండి నాణేలకి పట్టించిన ఇస్కరియోతు యూదా. వరసగా నాలుగేళ్ళు నేనే.

జనపనారతో గడ్డం చేసేవాళ్ళు, అది పెట్టుకుంటే ఒకటే దురద. ముప్పై వెండి నాణేలంటే సోడా మూతలు, వాటిని నేనే రాయితో సాగగొట్టి గుడ్డ సంచిలో పోసుకునేవాడిని. చివర్లో ఉరి సీను. చంకల కింద నుంచి మోకు కట్టి చర్చి ఆవరణలో వేపచెట్టు కొమ్మకి లాగేవాళ్ళు, నేను నాలిక బయటపెట్టి వేలాడాలి. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ప్రభువు సిలువ మీద ఉంటే ఏడ్చిన ఆడవాళ్ళే ఐదు నిమిషాల తర్వాత నన్ను చూసి పకపకా నవ్వేవాళ్ళు. ఆ తర్వాత వేసవి సెలవులంతా మా బజార్లో నా పేరు యూదానే. "ఒరేయ్ యూదా, బాల్ అటు పోయింది చూడు" అంతే, ఎవరికీ అందులో తప్పేం కనపడేది కాదు, నాకు మాత్రం చంకల కింద మోకు ఒరుసుకున్న మంట తగ్గాక కూడా ఈ పేరు మండుతూనే ఉండేది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే 1987 ఈస్టర్ ముందు రోజు శనివారం రాత్రి మా ఇంట్లో చూసిన సినిమా గురించి రాద్దామని కూర్చున్నాను, అది రాయాలంటే ఇది చెప్పక తప్పదు.

మా బాబాయ్ బొంబాయిలో ఉండేవాడు, డెబ్బైల మొదట్లోనే వెళ్ళిపోయాడు ఉద్యోగానికి. పండక్కి వచ్చేటప్పుడు బ్యాగులో ఏదో ఒక వింత ఉండేది. ఆ ఏడాది ఒక వీడియో క్యాసెట్. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ అనుకుంటా, బొమ్మ మీద వాన కురుస్తున్నట్టు గీతలు. అట్ట మీద బాల్‌పెన్‌తో జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్ అని రాసి ఉంది. మా అన్నయ్యలు అప్పటికే కలర్ టీవీ, వీసీపీ ఒక రాత్రికి అద్దెకి తెచ్చారు, వాళ్ళ ప్లాన్ వేరు, చిరంజీవి సినిమాలు రెండు. నానమ్మ చూసి గొడవ పెట్టుకుంది. "ప్రభువు సమాధిలో ఉంటే మీకు సినిమాలు కావాల్సొచ్చినయ్యా, సిగ్గుందా" అని. అప్పుడు బాబాయ్ తెలివిగా తన క్యాసెట్ బయటికి తీశాడు. "అమ్మా, ఇది ప్రభువు సినిమానే, హాలీవుడ్‌ది, మొదట ఇదే వేద్దాం." దాంతో నానమ్మ మెత్తబడింది. చిరంజీవి వెనక్కి పోయాడు, అన్నయ్యలు ఇప్పటికీ బాబాయ్‌ని క్షమించలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రభువు సినిమా అంటే మాకందరికీ మనసులో ఉన్నది ఒక్కటే, కరుణామయుడు. 1978లో వచ్చింది, భీంసింగ్ గారు డైరెక్టరు, విజయచందర్ గారు యేసు. హాల్లో చూడనివాళ్ళు కూడా ఊరి బయట మైదానంలో తెల్లగుడ్డ కట్టి వేస్తే నేల మీద కూర్చుని చూసినవాళ్ళే. కదిలింది కరుణరథం పాట వస్తే మైదానం అంతా ముక్కులు చీదుకునే చప్పుడే. మా ఇంట్లో గోడ మీద క్యాలెండర్‌లో ఉన్నది కూడా విజయచందర్ గారి బొమ్మే, నేను చాలా ఏళ్ళు ప్రభువు ముఖం అదే అనుకున్నాను. కాబట్టి ఆ రాత్రి నానమ్మ ముఖం కడుక్కుని, నెత్తి మీద ముసుగు వేసుకుని, ఆరాధనకి కూర్చున్నట్టు చాప మీద కూర్చుంది. తాతయ్య మాత్రం లోపలికి రాలేదు. వసారాలో పడక్కుర్చీ మీద, కిటికీకి పక్కగా. నేను చూడట్లేదు అన్నట్టు.

బొమ్మ మొదలైంది. ఎడారి. పాడుబడిన రాతి గోడలు, స్తంభాలు. మనిషన్నవాడు లేడు, గిటార్ ఒక్కటే సన్నగా, భయం పుట్టేటట్టు. దూరంగా దుమ్ము లేచింది. ఒంటెలొస్తాయేమో అనుకున్నాం. బస్సు వచ్చింది! మామూలు బస్సు, టాపు మీద సిలువ కట్టి ఉంది. అందులోంచి పొడుగు జుట్లవాళ్ళు, బెల్‌బాటమ్‌లవాళ్ళు దిగి, టాపు మీది సామాను దించి, అక్కడే వేషాలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకడు హెల్మెట్ పెట్టుకుంటాడు, ఇంకొకడు నల్లకోటు. సిలువని నలుగురూ కలిసి దించారు.

నానమ్మ ముసుగు తీసేసింది. "ఇదేందిరా, ఈళ్ళెవరు?"

"నాటకం వాళ్ళమ్మా. ఊళ్ళో నాటకం వేయడానికి వచ్చారు. మనవాడు వేస్తాడు చూడు, అట్టాగే."

నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. నాటకం వాళ్ళా! మనలాగా! ఇంకేం, చాప మీద ముందుకి జరిగి టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాను. చూస్తే మొదటి పాటే యూదాది. యేసుది కాదు, పేతురుది కాదు. కొండ మీద ఒక్కడే కూర్చుని, ఎర్రబట్టల్లో, నల్లటి మనిషి, ఆ గొంతు ఏంటో నేను చెప్పలేను, లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీష్ ముక్క అర్థం కాలేదు నాకు. బాబాయ్ పక్కన గుసగుసగా చెప్తున్నాడు, జనం నిన్ను దేవుడనుకుంటున్నారు, గుంపు పెరుగుతోంది, రోమావాళ్ళు చూస్తూ ఊరుకోరు, మనల్ని అందర్నీ నలిపేస్తారు, నా మాట విను అని స్నేహితుడికి చెప్తున్నాడ్రా, ఆయన వినట్లేదు అని.

స్నేహితుడు. నాలుగేళ్ళు ఆ వేషం వేశాను కానీ వాడు ప్రభువుకి స్నేహితుడన్న సంగతి నాకెవరూ చెప్పలేదు.

నానమ్మ ఒక మాట అంది, దాన్ని మర్చిపోలేదు నేను. "చూశావా, ఆళ్ళు కూడా నల్లోడికే ఇచ్చారు ఆ వేషం." ఎవరో నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు.

సినిమాలో మాటలు లేవు, మొదటి నుంచి చివరిదాకా పాటే. తగువు పాటే, దేవాలయంలో వ్యాపారుల బేరం పాటే, రోమా అధికారి పిలాతు విచారణ పాటే. దీన్ని రాక్ ఒపేరా అంటారని బాబాయ్ అన్నాడు. వసారాలోంచి తాతయ్య గొంతు. "ఒపేరా ఏందిరా, పద్యనాటకం అది. ఇంగ్లీషోళ్ళ పద్యనాటకం." అప్పుడు తెలిసింది ఆయన మొత్తం చూస్తున్నారని. ఇప్పుడు ఆలోచిస్తే తాతయ్య చెప్పిందే కరెక్ట్. హరిశ్చంద్రలో కాటిసీను పద్యం మన జనానికి ఎట్టా ఎక్కుతుందో అట్టాగే ఇదీ, కథ అందరికీ తెలుసు, ఏం జరుగుతుందో తెలుసు, ఎట్టా పాడతాడన్నదే మిగిలింది.

తాతయ్య రిటైర్డ్ టీచరు, చర్చిలో హార్మోనియం ఆయనదే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలంటే ప్రాణం. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా, ఆయన పాడేముందు అవి కూడా చదివేవారు, ఏదో వాక్యభాగం చదివినట్టు. ఆ మనిషికి ఎలక్ట్రిక్ గిటార్ అంటే ఏం పడుతుంది. పడలేదు కూడా, "ఆ కోత మిషను చప్పుడు తగ్గించండ్రా" అని రెండుసార్లు కేకేశారు. కానీ మగ్దలేనే మరియ పాట ఒకటొస్తుంది, అలిసిపోయిన ప్రభువుని పడుకోబెట్టి, ఏం కంగారు పడకు అంతా బాగానే ఉంది అని ఓదారుస్తూ జోలపాటలాగా, మధ్యలో యూదా వచ్చి ఆ అత్తరు డబ్బులు పేదలకి పెట్టొచ్చుగా అని తగాదా వేసుకుంటాడు. ఆ పాటకి తాతయ్య కుర్చీ చప్పుడు ఆగిపోయింది. కిటికీ చువ్వ మీద వేళ్ళు కొడుతున్నారు. తక తకిట, తక తకిట. "ఒరేయ్, ఇది ఖండచాపురా!" అన్నారు, దొంగని పట్టుకున్నట్టు. నిజంగానే ఆ పాట ఐదు దెబ్బల మీద నడుస్తుంది, చాలా ఏళ్ళ తర్వాత చదివాను, ఇంగ్లీష్ పాటల్లో అట్టా ఐదు మీద రాయడం పెద్ద విశేషమట. దేవాలయంలో వ్యాపారుల పాట అయితే ఏడు మీద, అంటే మన మిశ్రచాపు. దానికి తాతయ్య కిటికీ వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, ఇక వసారాలోకి పోలేదు.

ఆ దేవాలయం సీను చూడాలి మీరు. పావురాలు గొర్రెలు అమ్మడం కాదు, తుపాకులు అమ్ముతున్నారు, పోస్టుకార్డులు అమ్ముతున్నారు, అద్దాలు. ప్రభువు అన్నీ బద్దలు కొడతాడు. రోమా సైనికులకి వెండిరంగు హెల్మెట్లు, చేతుల్లో బల్లేలూ ఉన్నాయి మిషన్ గన్నులూ ఉన్నాయి. యాజకులు నల్ల అంగీలు, పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని గొట్టాల పరంజా మీద కాకుల్లాగా కూర్చుంటారు, మేస్త్రీలు కట్టుకునే పరంజా లేదూ, సరిగ్గా అట్టాంటిదే. వాళ్ళలో పెద్దాయన కయపకి పాతాళంలోంచి వచ్చే గొంతు, అన్న అనే ఇంకో యాజకుడికి కీచుగొంతు. యూదా వాళ్ళ దగ్గరికి ఎందుకు పోతాడంటే ఎడారిలో ఒక్కడే ఉంటే ఇసకదిబ్బ వెనక నుంచి ట్యాంకులు వస్తాయి. యుద్ధం ట్యాంకులే. తరుముతాయి. "బైబుల్లో ట్యాంకులెక్కడివిరా" అని నానమ్మ ఒకటే గోల, ఆమె బాధ న్యాయమైనదే, కానీ నాకు వాడు ఎందుకు పరిగెత్తాడో ఆ ట్యాంకులు చూశాకే అర్థమైంది. డబ్బుకి ఆశపడి పోయినవాడు అట్టా పరిగెత్తడు.

గెత్సేమనే తోట దగ్గర అసలు సంగతి జరిగింది. తోట లేదు, రాళ్ళగుట్ట. ప్రభువు ఒక్కడే ఎక్కుతూ పాడుతున్నాడు. తండ్రీ, నీ చిత్తమైతే ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించుము అన్న వాక్యమే ఆ పాట, కాకపోతే మన బైబిల్లో రెండు లైన్లలో అయిపోయేది ఇక్కడ ఐదారు నిమిషాల పోట్లాట, నేనెందుకు చావాలి, చస్తే ఏం వస్తుంది, ఎందుకో చెప్పు అని తండ్రిని నిలదీస్తాడు. నేను చిన్నప్పుడు గిన్నె అంటే మా వంటింట్లో స్టీలు గిన్నె అనుకునేవాడిని, దాన్ని తీసేయమని ప్రభువు ఎందుకంత బతిమాలుతున్నాడో తెలిసేది కాదు. ఆ పాట వింటుంటే గిన్నెలో ఏముందో కొంచెం తెలిసింది. ఎందుకు అన్న మాట మీద ఆయన గొంతు పైకి లేచింది, లేచింది, ఇంకా లేచింది, మనిషి గొంతు అంత పైకి పోతుందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాం,

కరెంటు పోయింది.

ఆ చీకట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కేక ఇంకా గదిలో ఉన్నట్టే ఉంది. నానమ్మ మెల్లిగా "ప్రభువా" అంది. తర్వాత లాంతరు, విసనకర్రలు, దోమలు. ముప్పావుగంట పైనే రాలేదు. ఆ ముప్పావుగంటలో బాబాయ్ ఈ సినిమా పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కూడా ఇప్పుడు అందులో కలిసిపోయాయి, ఏది ఆ రాత్రిది ఏది తర్వాతది అని విడదీయలేను.

ఇది రాసినవాళ్ళు ఇద్దరు ఇంగ్లాండు కుర్రాళ్ళు. మాటలు టిమ్ రైస్, సంగీతం ఆండ్రూ లాయిడ్ వెబర్. ఒకడికి పాతికేళ్ళు ఒకడికి ఇరవై రెండు. యేసు మీద రాక్ నాటకం అంటే డబ్బు పెట్టేవాడు దొరక్క ముందు 1970లో రికార్డుగా తెచ్చారు. అందులో యేసు గొంతు డీప్ పర్పుల్ బ్యాండ్ ఇయాన్ గిలన్‌ది. రికార్డు అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది, అప్పుడు 1971లో బ్రాడ్‌వే స్టేజి ఎక్కింది. సినిమా సంగతి తమాషాగా ఉంటుంది. నార్మన్ జ్యూయిసన్ అని కెనడా డైరెక్టరు, యుగోస్లావియాలో వేరే సినిమా తీస్తుంటే అందులో వేషం వేస్తున్న బ్యారీ డెనెన్ ఈ రికార్డు వినమని ఇచ్చాడట, ఆ డెనెన్ ఎవరంటే రికార్డులో పిలాతు. తర్వాత సినిమాలో కూడా పిలాతు ఆయనే. యేసుని సిలువ ఎక్కించినవాడే సినిమాని కూడా మొదలుపెట్టాడన్నమాట అని బాబాయ్ జోకు.

1972లో ఇశ్రాయేలు వెళ్ళి నెగెవ్ ఎడారిలో, అవ్‌దాత్ అనే పాత ఊరి శిథిలాల్లో తీశారు. యేసుగా చేసిన టెడ్ నీలీ, యూదాగా చేసిన కార్ల్ ఆండర్సన్ ఇద్దరూ స్టేజి మీద మెయిన్ యాక్టర్లు కాదు, అసలువాళ్ళు రాని రోజు చేయడానికి పెట్టుకున్నవాళ్ళు. ఈ ముక్క నాకు ఎంత నచ్చిందో. మరియగా చేసిన ఇవాన్ ఎలిమన్ హవాయి అమ్మాయి, రికార్డు నుంచి సినిమాదాకా ఆమే మరియ. టెడ్ నీలీ అయితే ఆ సెట్లోనే డాన్స్ చేసే అమ్మాయిని చూసుకుని తర్వాత పెళ్ళి కూడా చేసుకున్నాడు, ఈ మాట చెప్తే నానమ్మ చెవులు మూసుకుంది.

"మరి ఆ నల్లాయనకే ఎందుకిచ్చారు బాబాయ్?" అన్నాను. చీకటి కాబట్టి అడగగలిగాను.

బాబాయ్ కాసేపు ఆగి చెప్పాడు. అమెరికాలో కూడా ఈ మాటే అడిగార్రా, 1973లో సినిమా రిలీజయినప్పుడు. నల్లవాడిని ద్రోహిని చేస్తారా అని. యూదుల సంఘాలు మమ్మల్ని విలన్లుగా చూపించారని గొడవ పెట్టాయి, చర్చిలవాళ్ళు పునరుత్థానం లేని ప్రభువు కథ ఏంటని గొడవ. డైరెక్టరు మాత్రం టెస్టు తీస్తే వాడిని మించినవాడు కనపడలేదన్నాడట. "రంగు చూసి ఇచ్చిన వేషం వేరు, గొంతు విని ఇచ్చిన వేషం వేరు" అన్నాడు బాబాయ్. అప్పుడు నాకు చాలా పెద్ద మాటలా అనిపించింది. ఇప్పుడు మటుకు కొంచెం అనుమానమే, ఆ గొంతు విని యేసు వేషం కూడా ఇవ్వొచ్చుగా మరి. కానీ ఆ సినిమాలో గెలిచింది మాత్రం కార్ల్ ఆండర్సనే, అందులో నాకు అనుమానం లేదు, టెడ్ నీలీ కేక ఎంత గొప్పదైనా సరే.

బొంబాయిలో 1974లో అలీక్ పదంసీ దీన్ని స్టేజి మీద వేశాడట, బాబాయ్ అప్పుడు చూశాడు, నందు భెండే యూదా. అప్పట్నుంచీ పిచ్చి. ఇంకో మాట అన్నాడు, "దాన వీర శూర కర్ణలో సుయోధనుడి వైపు నుంచి భారతం చూపిస్తే మనమే కదా విజిల్స్ వేసింది, ఇదీ అట్టాంటిదే అనుకోండి." తాతయ్య చీకట్లోంచి, "అది భారతం, ఇది వాక్యం" అన్నారు. కానీ లేచి వెళ్ళిపోలేదు.

కరెంటు వచ్చింది, టేపు కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ ఆ కేక విన్నాం. తర్వాత తెర మీద గబగబా పాతకాలం చిత్రాలు, సిలువ మీద ప్రభువు బొమ్మలు, గాయాలు, ముళ్ళు, ఒకదాని మీద ఒకటి. ఆ పాట అయ్యాక యూదా ప్రభువుని పట్టించే ముద్దు. నేను నాలుగేళ్ళు పెట్టిన ముద్దు, డాక్టర్ గారబ్బాయి బుగ్గకి ఆనించీ ఆనించకుండా. వీళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు ఎట్టా చూసుకుంటారంటే... వద్దులెండి, చూడాలి అంతే.

హేరోదు రాజు సీను ఒక్కటే మా అన్నయ్యలకి నచ్చింది. లావుపాటాయన, నిక్కరు, రంగు కళ్ళద్దాలు, నీళ్ళ మీద వేదిక కట్టుకుని క్లబ్ డాన్స్. పిలాతు దగ్గర కొరడా దెబ్బలు, ఒకటి, రెండు అని లెక్కపెడతారు, ముప్పై తొమ్మిది. ఆ లెక్క వెనక వాయించేది సినిమా మొదట్లో యూదా కొండ మీద పాడిన పాట గిటారే. ఇది నేను పట్టుకున్నది కాదు, తాతయ్య పట్టుకున్నారు. "ఆ మొదటోడి పాట ఇది" అన్నారు. యూదా చచ్చిపోయే ముందు ఇంకోటి ఉంది, మరియ రాత్రి పూట ప్రభువు పక్కన కూర్చుని, ఈయన్ని ఎట్టా ప్రేమించాలో తెలియట్లేదు అని పాడుతుంది కదా, అదే వరస యూదా పాడతాడు. అదే వరస, ఏడుస్తూ. పాడి, చెట్టుకి ఉరేసుకుంటాడు.

మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నేను కావాలనే వెనక్కి తిరిగి చూశాను. నానమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఉంది.

తర్వాత ఆ చచ్చినవాడే తెల్లబట్టలేసుకుని ఆకాశంలోంచి దిగొచ్చి డాన్స్ చేస్తూ ప్రశ్నలు అడుగుతాడు, ఇప్పుడు వచ్చి ఉంటే ప్రపంచమంతటికీ చెప్పుకోవచ్చు కదా, ఏ పత్రికా ఏ ప్రసారమూ లేని ఆ కాలంలో ఎందుకొచ్చావు అని. నానమ్మ మళ్ళీ మామూలు మనిషై తిట్టడం మొదలుపెట్టింది. సిలువ. ఏలీ ఏలీ కేక. చీకటి. తర్వాత మాట లేకుండా వాయిద్యం ఒకటే. సమాధి లేదు, రాయి దొర్లడం లేదు, దూతలు లేరు. వేషాలు తీసేసి మామూలు బట్టల్లో అందరూ బస్సెక్కుతున్నారు. నవ్వుకోవడం లేదు వచ్చినప్పటిలాగా. యూదా కూడా ఎక్కుతున్నాడు, గుమ్మంలో నిలబడి వెనక్కి చూశాడు, చాలాసేపు. బస్సు పోయింది. కొండ మీద సిలువ ఒక్కటే, సూర్యుడు దిగుతున్నాడు, కింద ఎవరో గొర్రెల కాపరి మందతో పోతున్నట్టు నీడ.

"మూడో రోజేదిరా?" అన్నారు తాతయ్య.

"లేదు నాన్నా, ఇంతే."

"ఇంతే ఏంటి. బస్సులో ఆయన ఎక్కలేదు. ఆయన్ని వదిలేసి పోయారు." టీవీ వైపు వేలు చూపించి మరీ అడుగుతున్నారు, బాబాయే తీసినట్టు.

టైం రెండున్నర అయింది. ఇంక పడుకునేదేముంది, నాలుగింటికల్లా సమాధుల తోటకి పోవాలి. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన మాకు అక్కడే. ముందు రోజే సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి ఉంచుతాం. అన్నయ్యలు వీసీపీ మీద పడి చిరంజీవిని పెట్టుకున్నారు, నేనూ తాతయ్యా బాబాయ్ స్నానాలు చేసి కొవ్వొత్తులు తీసుకుని నడుచుకుంటూ బయల్దేరాం. రోడ్డు మీద తాతయ్య ఏం మాట్లాడలేదు. మా ముత్తాత సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించాక, జనం ఇంకా వస్తున్నారు, ఆరాధన మొదలవలేదు, "ఆ పాట పేరేందో పెట్టారన్నావు, చివర వాయించింది?" అని అడిగారు. బాబాయ్ చెప్పాడు, పేరు లేదు నాన్నా, యోహాను పంతొమ్మిది నలభై ఒకటి అని వాక్యం నంబరే పేరు. తాతయ్యకి బైబిల్ తెరవాల్సిన పని లేదు. సిలువ వేసిన చోట ఒక తోట, ఆ తోటలో ఎవర్నీ పెట్టని కొత్త సమాధి. అంతే ఆ వచనం. చుట్టూ చూశారు, సున్నం వేసిన సమాధులు, కొవ్వొత్తులు, మామిడిచెట్లు. "ఊ. తోట దాకా వచ్చి ఆపారన్నమాట" అన్నారు. అప్పటికి కోపం తగ్గినట్టే.

కాసేపాగి నన్ను పిలిచారు. "ఆ పిల్ల పాడిందే, ఖండచాపు, అది పాడరా." నాకు మాటలేం తెలుసు, ఊఊ అంటూ వరస ఎత్తుకున్నాను. ఆయన ముత్తాత సమాధి గట్టు మీద వేళ్ళతో తక తకిట కొట్టుకుంటూ, నేను తప్పితే మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోమని, అట్టా మూడుసార్లు పాడించారు, పాస్టర్ గారు వచ్చేదాకా.

తాతయ్య 1994లో పోయారు, అదే తోటలో ఉన్నారు. కార్ల్ ఆండర్సన్ 2004లో, నార్మన్ జ్యూయిసన్ 2024లో. సినిమా నేను తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, శుభ్రమైన ప్రింటు, గీతల్లేవు, వాన లేదు, ట్యాంకులు కూడా చక్కగా కనపడతాయి. గెత్సేమనే కేక దగ్గరికి వచ్చేసరికి మాత్రం కరెంటు పోతుందేమో అని ఒక్క క్షణం ఫ్యాన్ వైపు చూస్తాను.

అదే ఆదివారం సాయంత్రం చర్చిలో మా నాటకం. జనపనార గడ్డం, సోడా మూతలు, నేనే యూదా. కయప దగ్గర సంచి తీసుకుని నేను కుడివైపు నుంచి గబగబా లోపలికి పోవాలి, రిహార్సల్‌లో అంతే. ఆ రోజు తెర దగ్గరికి పోయి ఆగాను. ఆగి, వెనక్కి తిరిగి, స్టేజి మధ్యలో పన్నెండు మందితో కూర్చోబోతున్న డాక్టర్ గారబ్బాయి వైపు చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. వాడు కంగారుపడి తన డైలాగు మర్చిపోయాడు. ముందు వరసలో తాతయ్య హార్మోనియం మీద చేయి పెట్టి నా వైపే చూస్తున్నారు, నెక్స్ట్ పాట ఎత్తుకోవాల్సింది ఎత్తుకోకుండా.

టీచర్ గారు తెర వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లోపలికి లాగేశారు. "వెనక్కి తిరిగి చూడమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

కార్ల్ ఆండర్సన్ అని చెప్పలేదు. చెప్తే ఆయన ఏ ఊరి పాస్టర్ గారు అని అడిగేవారు.